ఎడమచుట్టు

బహుళ సప్తమి

తొమ్మిదో గట్టు, చివరి ఇల్లు. మనుషులు ముగ్గురు. తాగే నీళ్లున్నాయి. గట్టు ఎక్కడా కారడం లేదు.

ఆఫీసుకు ఇంతవరకు చాలు. మెరక మీద కూర్చున్న ఆ మహానుభావులకు రోజూ ప్రతి ఇంటి నుంచీ ఈ పలక మీద నాలుగు ముక్కలు అందాలి. అందకపోతే ఇల్లు చచ్చిందని రాసుకుని నీళ్ల కోటా కోసేస్తారు. అందితే "నమోదైంది" అని ఒక మాట వెనక్కి వస్తుంది. వాన పడిందన్నా నమోదైంది, పాము కరిచిందన్నా నమోదైంది. అయినా ఇవాళ ఎక్కువ రాస్తాను. రాయకపోతే నా కోపమంతా మా అత్త మీద పడుతుంది. ఆవిడ ఇప్పటికే మూల కూర్చుని ఏడుస్తోంది.

మా ఆయన భూషణం గట్టుకు మాటు వేస్తుంటే పాదంలో తుప్పురేకు దిగింది. మొదట కుంటుతూ నడిచాడు, తర్వాత కర్ర పట్టుకున్నాడు, ఇప్పుడు మంచం దిగడం లేదు. ఇవాళ వేళ్లు నల్లబడ్డాయి. ఆ నలుపు పైకి పాకేదే గాని ఆగేది కాదని గట్టు మీద పసిపిల్లలకు కూడా తెలుసు. కాలు తీసి మనిషిని నిలబెట్టే డాక్టర్లు మెరక ఆసుపత్రిలో ఉన్నారు. వాళ్లు ఇక్కడికి రారు. పడవలో పోదామంటే, ఉప్పెన ఏడాదే పడవలన్నీ విప్పి ఆ చెక్కలతో ఇళ్లు కట్టుకున్నాం.

మెరకకు ఉన్నది ఉప్పురోడ్డు ఒక్కటే. పోటు వస్తే మునుగుతుంది, పాటు తీస్తే తేలుతుంది. తేలి ఉన్న ఆ కాస్త సేపట్లో దాటాలంటే బండి కావాలి, కాళ్లతో అయ్యే పని కాదు. అమావాస్య పోటుకు మునిగిందంటే తదియో చవితో వెళ్తే గాని తేలదు. అప్పటిదాకా భూషణం ఉండడు. ఈ మాట రాసి, తుడిచేద్దామనుకుని, ఉంచేశాను.

అసలు ఇవాళే బయల్దేరాం. గట్టు మీద బతికున్న బండి మాదొక్కటే, మిగతావాటిని ఉప్పు తినేసింది. టాంకు నిండా తాటిసారా పోశాను. భూషణాన్ని వెనక సీటు మీద కూర్చోబెట్టి నా చీరతో నడుముకు కట్టుకోవడానికి సిద్ధం చేశాను. ఇక మిగిలింది ఇంటిచుట్టు.

బండి గట్టు దిగేముందు ఇంట్లో ప్రతి మనిషీ పానా పట్టుకుని ఇంజను నెత్తి మీది హెడ్డు బోల్టును కుడివైపు కాస్తంత తిప్పాలి. ఇంటివాళ్ల చెయ్యి పడిన బండి ఇంటికి తిరిగొస్తుందని. మా మామ, మా బావ ఉప్పెన ఏడాది చుట్టు వేయించుకోకుండానే వెళ్లారట, తిరిగి రాలేదు. ఆ ఏడాది వేయించుకుని వెళ్లినవాళ్లూ రాలేదు, ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

నేను వేశాను, ఏదో తాకామన్నట్టు. భూషణం సీటు మీంచే వంగి వేశాడు. మూడో చెయ్యి మా అత్త మాణిక్యమ్మది.

"చాల్లే అత్తా," అన్నాను.

"ఉండమ్మాయ్. కాలు అట్టా పెట్టుకుని పోతన్నాడు. ఇంకాస్త గట్టిగా యెయ్యాల," అని రెండు చేతులా పానా పట్టుకుని ఒళ్లు మొత్తం వేసి లాగింది.

ఠక్కుమంది. బోల్టు పై సగం పానాతో పాటు ఊడి రాళ్ల మీద పడింది. కింది సగం ఇంజనులో ఉండిపోయింది. ముగ్గురం ఆ ముక్కనే చూశాం. ముందు తేరుకున్నది భూషణమే.

"నన్ను పోనియ్యకూడదనుకుంటే నోటితో చెప్పొచ్చు గదే అమ్మా," అన్నాడు.

హెడ్డును నాలుగు బోల్టులు అదిమి పట్టుకుంటాయి. అందులో ఒకటి లేకపోయినా లోపలి మంట పక్కకు తన్నేసి ఇంజనుకు లాగే సత్తువ ఉండదు. తాడుతోనో తీగతోనో కట్టి నడిపించే సంగతి కాదు. లోపల ఇరుక్కున్న ముక్క బయటికి రావాలి.

"నమోదైంది" అని వచ్చింది.

బహుళ అష్టమి

తొమ్మిదో గట్టు, చివరి ఇల్లు. మనుషులు ముగ్గురు. నీళ్లున్నాయి.

పొద్దున్నే, మా అత్త లేవకముందే, బండిని ఇంట్లోకి తోసి హెడ్డు విప్పాను. నేను గట్టు పంపుల దగ్గర పుట్టి పెరిగినదాన్ని, ఇనుముకు భయపడను. మిగిలిన మూడు బోల్టులూ తిట్టుకుంటూనైనా వచ్చాయి. నాలుగోది ఇంజను బోరు పక్క గుంటలో, అంచుకు కొంచెం లోతుగా, కిళ్లీ నమిలిన పన్నులా ఎర్రగా కూర్చుంది. పట్టకారుకు దొరకదు. దాన్ని ఎలాగైనా ఎడమకు తిప్పాలి.

శానం అంచును ముక్క మీద పెట్టి ఎడమకు తిరిగేలా సుత్తితో తట్టడం మొదలుపెట్టానో లేదో మా అత్త వచ్చి చేయి పట్టుకుంది.

"ఇంట్లో మనిషి మంచాన ఉంటే ఎడమకి తిప్పుతావంటే?"

మా గట్టు మీద అదొకటుంది. ఇంట్లో అందరూ చూస్తుండగా బోల్టును ఎడమకు తిప్పేది పాడెకు మాత్రమే. చచ్చినవాళ్లను ఇనప చట్రం మీద గట్టు చివరికి మోసుకెళ్లి, ఇంటివాళ్లు ఒక్కొక్కరూ దాని బోల్టులు కాస్త వదులు చేస్తారు. అడుగు చెక్క జారి మనిషి నీళ్లలోకి వెళ్లిపోతాడు. దాన్ని ఎడమచుట్టు అంటారు. వెళ్లేవాడు మళ్లీ వెనక్కి చూడకుండా వెళ్లాలని.

"కుడికి తిప్పి ఇరగ్గొట్టింది నువ్వు. ఇక ఎటు తిప్పాలో కూడా నువ్వే చెప్తావా," అన్నాను.

అనకుండా ఉండాల్సింది. ఆవిడ చేయి తీసేసి పక్కకు తప్పుకుంది. మంచం మీంచి భూషణం, "ఏమే, దాన్ని పంపు షెడ్డుకి తోసుకుపో. అక్కడైతే మా అమ్మకి కనపడదు, నాకూ నిద్ర పట్టుద్ది," అన్నాడు. తల్లికీ పెళ్లానికీ మధ్య పడి నలగడంలో ఆయనకు ఇరవై ఏళ్ల అనుభవం.

బండిని షెడ్డుకు తోసుకెళ్లాను. ఆముదంలో సారా కలిపి గుంటలో పోసి నానబెట్టాను. మర సందుల్లోకి నూనె పాకాలి. పాకిందో లేదో చూస్తూ కూర్చోవడం కంటే పాలు పొంగేదాకా కాపలా కాయడం నయం.

బహుళ నవమి

మనుషులు ముగ్గురు.

బ్లోలాంపుతో ముక్క చుట్టూ ఇంజనును కాల్చాను. అల్యూమినియం వేడికి తొందరగా ఉబ్బుతుంది, ఇనుము నిదానంగా. ఆ తేడాలో పట్టు వదులుతుందని లెక్క. వేడి మీద కొవ్వొత్తి రాశాను, మైనం కరిగి సందులోకి పోయింది. తర్వాత శానం, సుత్తి. మెల్లగా, ఓపికగా, ఎడమకు. నా ఓపిక ఎంతో మా ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఇవాళ పొద్దుగుంకేదాకా ఒక్క గట్టి దెబ్బ కొట్టలేదు.

ముక్క కదల్లేదు. ఉప్పు లోపలికి దిగి, ఇనుమూ అల్యూమినియమూ ఒకదాన్నొకటి తినేసి ఒకే గడ్డ అయిపోయాయి.

ఇంటికెళ్లేసరికి అత్త భూషణం కాలికి ఉప్పునీళ్ల కాపడం పెడుతోంది. నలుపు చీలమండ దాకా వచ్చింది. వాసన మొదలైంది. ఆ వాసన మా ముగ్గురికీ తెలుస్తోందని మా ముగ్గురికీ తెలుసు.  జొన్నరొట్టె తిన్నాం.

బహుళ దశమి

మనుషులు ముగ్గురు.

మధ్య ఇంటి యోబు వచ్చాడు. మంచివాడు, కాకపోతే ఆయన చేతికి రాని విద్య ఈ లోకంలో లేదని ఆయన నమ్మకం. ఒకప్పుడు మెరక మీద షెడ్డులో పనిచేశానని చెప్పుకుంటాడు. గుడ్డలో చుట్టి ఒక పుల్ల తెచ్చాడు. ఎదురు మర ఉన్న గట్టి ఉక్కుపుల్ల. విరిగిన బోల్టు నడిబొడ్డున డ్రిల్లుతో రంధ్రం వేసి, ఈ పుల్లను అందులో దూర్చి ఎడమకు తిప్పితే, తిప్పేకొద్దీ కరుచుకుని ముక్కను లాక్కొస్తుందట.

"ఎన్ని తీశాననుకున్నావు చెల్లెమ్మా, దీంతో. దీని పేరే ఈజీఔటు."

"ఇరిగితే?"

"ఇరగదు."

చేతి డ్రిల్లుతో నేనే రంధ్రం వేశాను, సరిగ్గా మధ్యలో. అంతవరకు బాగుంది. యోబు పుల్ల దూర్చి పిడి పట్టుకున్నాడు. బిగిసింది. ముక్క కదిలినట్టే అనిపించింది కూడా.

"ఆపు యోబన్నా, మళ్లీ కాస్త వేడి చేద్దాం," అన్నాను.

"వస్తంది చెల్లెమ్మా, వస్తంది," అని ఇంకో పట్టు పట్టాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ జరిగింది. పుల్ల రంధ్రంలోనే పుటుక్కున విరిగింది. అది బోల్టు కంటే గట్టి ఉక్కు. డ్రిల్లు దాన్ని తాకితే డ్రిల్లే అరుగుతుంది.

నేను యోబును ఏమన్నానో ఇక్కడ రాయను. ఆఫీసువాళ్లు నమోదు చేసుకోవడానికి తగిన మాటలు కావు. ఆయన అంతా విని, తలపాగా విప్పి మొహం తుడుచుకుని వెళ్లిపోయాడు. నేను షెడ్డులో కూర్చుని ఏడ్చాను. కోపంతో కాదు. భయంతో.

బహుళ ఏకాదశి

మనుషులు ముగ్గురు.

గట్టి ఉక్కు తిరగదు గాని పగులుతుంది. పొద్దున ఆ సంగతి తట్టింది. సన్నటి శానం పెట్టి ఈజీఔటును చిన్న చిన్న పెంకులుగా కొట్టి, ఒక్కో పెంకునూ సూదితో గీకి తీశాను. మధ్యాహ్నానికి రంధ్రం ఖాళీ అయింది. నా బొటనవేలు కందిపోయింది. బోల్టు ముక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. ముక్క మీద నట్టు పెట్టి రెండిటినీ కరిగించి అతకాలి, ఆ నట్టుకు పానా వేసి తిప్పాలి. అతికే మంట పుట్టాలంటే దీపాల బ్యాటరీలు మూడు వరసగా కలపాలి. ఇంటికి ఒకటే బ్యాటరీ. మా ఇంటిది ఒకటి. మిగతా రెండు అడగాలి. బ్యాటరీ ఇచ్చిన ఇంట్లో దీపం ఉండదు, నీళ్లు వడకట్టే మిషనూ ఆగిపోతుంది. ఎవరినైనా ఏ మొహంతో అడగను? అందులోనూ నా నోరు ఎలాంటిదో గట్టంతా ఎరుగును.

నేను షెడ్డు తలుపు తీసేసరికి గడప దగ్గర ఒక బ్యాటరీ పెట్టి ఉంది. యోబుది. దాని పక్కన ఇంకొకటి. అది ఎవరిదో తర్వాత తెలిసింది. మా అత్త రెండు ఇళ్లవతల బాలింత ఉన్న ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, "నా చేత్తో నా కొడుకు బండి ఇరగ్గొట్టా. మీ దీపం ఇయ్యండమ్మా," అని అడిగిందట.

ఆవిడ షెడ్డు దాకా మోసుకొచ్చి కూడా లోపలికి రాలేదు. ఎడమకు తిప్పే చోటికి రాదు గదా.

బహుళ ద్వాదశి

మనుషులు ముగ్గురు. నీళ్లు కాచుకుని తాగుతున్నాం.

ముక్క వచ్చింది.

మూడు బ్యాటరీలు కలిపి, పాత టార్చి సెల్లులోని నల్ల కడ్డీని తీగ కొసకు కట్టి, సైకిలు చువ్వను కరిగించి నట్టులోకి పోశాను. మసి పట్టిన గాజుముక్కలోంచి చూస్తూ చేశాను, ఇప్పటికీ కళ్లలో ఇసుక పోసినట్టుంది. మొదటిసారి నట్టు ఊడొచ్చింది. రెండోసారీ ఊడొచ్చింది. మూడోసారి అతికింది. ఎరుపు తగ్గేదాకా ఆగి, పానా వేసి ఎడమకు ఒత్తాను. కదలకపోతే కుడికి ఒక రవ్వ, మళ్లీ ఎడమకు. కిర్రుమంది. నా జన్మలో అంత తియ్యటి చప్పుడు వినలేదు. రవ్వ రవ్వగా తిరుగుతూ, తుప్పు రాలుస్తూ, ముక్క పూర్తిగా బయటికి వచ్చింది.

దాన్ని అరచేతిలో పెట్టుకుని ఇంటికి పరుగెత్తాను. భూషణానికి జ్వరం. కళ్లు తెరిచి చూశాడు.

"ఇంతేనా? ఇంత ముక్క కోసమా అంత గొడవ," అన్నాడు.

"నీ పంటి కంటే చిన్నది. నీలాగే మొండిది."

అత్త దాన్ని తీసుకుని కళ్లకద్దుకుంది. దేవుడి విగ్రహాలన్నీ ఉప్పెన ఏడాది పోయాయి. పాపం ఆవిడకు దేన్ని కళ్లకద్దుకోవాలో తెలియదు.

బహుళ త్రయోదశి

మనుషులు ముగ్గురు.

గుంటలో మరను మళ్లీ కోసి సరిచేశాను. కాల్చి, తొలిచి, గీకీ గీకీ పాత మరలో సగమే మిగిలింది. భూషణం ఎప్పుడో గ్రీజు గుడ్డలో చుట్టి దాచిన కొత్త బోల్టు ఒక్కటుంది. అది వేశాను. రాగి వాషరును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తబరిచి హెడ్డు కింద పెట్టాను. నాలుగు బోల్టులనూ మూలమూలకు, కొంచెం కొంచెంగా బిగించాను. యోబు పక్కన నిలబడి చూశాడు. ఈసారి దేన్నీ ముట్టుకోలేదు.

"చేతికి బిగువు తెలిసిన చోట ఆపెయ్ చెల్లెమ్మా. సగం మరే ఉంది. అందులోనూ ఇంజను వేడి మీద ఉన్నప్పుడు అస్సలు పానా పెట్టబాక. మర ఎన్నపూసలాగా వచ్చేసిద్ది."

"తెలుసు యోబన్నా."

నాకు నిజంగానే తెలుసు.

ఇంటికొచ్చి మా అత్తకు కూర్చోబెట్టి చెప్పాను. రేపు ఇంటిచుట్టు లేదు, ఎవరూ పానా ముట్టుకోకూడదు, నువ్వు అసలు దగ్గరికి కూడా రాకూడదు. 

"ముట్టుకోను. వేలు కూడా పెట్టను. నువ్వు ఎట్టా అంటే అట్టా," అంది.

నలుపు పిక్క సగానికి వచ్చింది. రేపటి పాటు ఈ పక్షానికి ఆఖరిది.

బహుళ చతుర్దశి

మనుషులు ముగ్గురు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పాటు తీసింది. రోడ్డు తేలింది, రెండు పక్కలా నీళ్లు అంచుదాకా ఉన్నాయి. ఇంజను ఒక్క తన్నుకే అందుకుంది. గొంతు శుభ్రంగా ఉంది, ఎక్కడా ఉస్సుమనడం లేదు. కాస్త వేడెక్కనిచ్చాను. యోబూ నేనూ కలిసి భూషణాన్ని ఎత్తి కూర్చోబెట్టాం. తల నా సీటు మీదికి వాల్చేసి కళ్లు మూసుకున్నాడు. యోబు చీర ముడి వేస్తున్నాడు. మా అత్త గుమ్మం దగ్గర రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది, బడిలో దెబ్బలు తిన్న పిల్లలాగా. అన్నమాట ప్రకారం అడుగు ముందుకు వేయలేదు.

ఇంజను ఆపి, పనిముట్ల సంచి కట్టడానికి వంగాను. తల ఎత్తితే రోడ్డు కనిపించింది. చూపు ఆనినంత దూరం తెల్లటి ఉప్పు, మధ్యలో సన్నటి తడి గీత. దాని చివర మెరక ఉందని నమ్మడమే గాని కనపడదు. అప్పుడు భయం వేసింది.  ఈ మనిషి తిరిగి రాడు, అనిపించింది. అంతే. ఇంకేమీ అనుకోలేదు.

చేతిలో పానా ఉంది. హెడ్డు బోల్టు మీద పెట్టి కుడికి తిప్పాను.

నమ్మి కాదు. నేను నమ్మను. వేడి ఇంజను మీద పానా పెట్టకూడదని యోబు చెప్పాడు, అతను చెప్పకముందే నాకు తెలుసు. పంపుల దగ్గర పుట్టి పెరిగినదాన్ని. అయినా చేయి వెళ్లింది. కాస్తంతే తిప్పాను, తాకామన్నట్టు. ఒక్క క్షణం బిగువు తెలిసింది. తర్వాత పానా హఠాత్తుగా తేలికైపోయింది. బోల్టు నూనెలో గరిటెలా ఊరికే తిరిగింది. మర తెగిపోయింది.

ఆ తేలిక నా మోచేతి దాకా పాకింది. ఇంకా అక్కడే ఉంది.

యోబు చూడలేదు, ముడి వేస్తున్నాడు. మా అత్త చూసింది. గుమ్మం దగ్గర్నుంచి తిన్నగా నా చేతినే చూస్తోంది.

నేను ఇంజను తన్నాను. ఉస్సుమని పక్కనుంచి ఆవిరి కొట్టింది.

"ఏంటా చప్పుడు?" అన్నాడు భూషణం కళ్లు తెరవకుండానే. "ఎవరు తిప్పారు?"

పానా సంచిలో పడేశాను.

"నేనేరా," అంది మా అత్త. చేతులు ముందుకు తెచ్చుకుని దగ్గరికి వచ్చింది. "ఊరుకోలేకపోయా. నా చేతులు ఊరుకోలా."

భూషణం నవ్వాడు. జ్వరంలో ఆ నవ్వు దగ్గులా వచ్చింది. "నువ్వు మారవే అమ్మా," అన్నాడు. "వరూధినీ, ఏమనబాక ముసలిదాన్ని."

 రాగితీగ చుట్టి బోల్టు దూర్చి చూశాను, పట్టలేదు. అలాగే నడిపి చూశాను, గట్టు వాలు దాకా కూడా పోలేక ఇంజను ఆగిపోయింది. యోబూ ఇంకో ముగ్గురూ తలుపు ఊడదీసి భూషణాన్ని దాని మీద పడుకోబెట్టి మోసుకుపోయారు. నేను పక్కన పరుగెత్తాను. మొదటి పల్లం దగ్గరికి చేరేసరికే పోటు తిరిగింది. నడుంలోతు నీళ్లలో కొంచెం దూరం పోయి, మనుషులు తూలుతుంటే వెనక్కి వచ్చేశాం.

పంపుతున్నాను. నమోదు చేసుకోండి.

అమావాస్య

మనుషులు ముగ్గురు.

రోడ్డు లేదు. గట్టుకు రెండు వైపులా ఒకటే నీళ్లు.

భూషణం పొద్దుట కాసేపు తెలివిగా ఉన్నాడు. పులుసు అడిగాడు, రెండు గుక్కలు తాగాడు. బండికి మళ్లీ మర ఎలా వేయాలో చెప్పాడు. గుంట పెద్దది చేసి ఇత్తడి గొట్టం దిగ్గొట్టి అందులో కోయాలట. "తదియకల్లా చేసెయ్యి, ఎవరికన్నా పనికొచ్చిద్ది," అన్నాడు. ఎవరికన్నా, అన్నాడు.

చెప్పేద్దామని మంచం పక్కన కూర్చున్నాను. "నిన్న ఆ బోల్టు," అని మొదలుపెట్టాను. వెనకనుంచి మా అత్త నా భుజం గట్టిగా నొక్కింది. లేపి బయటికి తీసుకెళ్లింది.

"చెప్పబాక," అంది.

"నేను తిప్పాను అత్తా. నువ్వు ముట్టుకోలేదు."

"నాకు కళ్లున్నయ్యి. అయినా చెప్పబాక. పుట్టినకాడ్నించీ నా మీద విసుక్కోటం, మళ్లీ నవ్వటం వాడికి అలవాటే. నిన్నైతే ఎట్టా నవ్వాలో తెలీక, దాన్నే ఆలోచించుకుంటా పోతాడు. తేలిగ్గా పోనీ వాణ్ణి."

"మరి నువ్వు?"

"నేను మొదటిసారి తిప్పిందాన్నే గదా," అంది. "ఒకటైతే ఏంటి, రెండైతే ఏంటి."

నేను ఆవిడను ఈ పక్షమంతా తిట్టాను. నోటితో తిట్టనప్పుడు మనసులో తిట్టాను. ఆవిడ చేతులు గట్టిగా పట్టుకుని ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. లోపలికి వెళ్లి కొడుకు తల ఒళ్లో పెట్టుకుంది.

ఆయనకు చెప్పలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. చతుర్దశి నాడు ఆ బోల్టు తిప్పింది నేను, వరూధిని. మాణిక్యమ్మ కాదు.

"నమోదైంది" అని వచ్చింది.

శుద్ధ పాడ్యమి

తొమ్మిదో గట్టు, చివరి ఇల్లు. మనుషులు ఇద్దరు.

తెల్లవారాక పోయాడు. మా అత్త ఒళ్లోనే.

గట్టు మీదివాళ్లంతా వచ్చారు. బాలింత కూడా బిడ్డనెత్తుకుని వచ్చింది. నేను బ్యాటరీ తిరిగిచ్చేశాను, ఆమె వద్దనలేదు, తీసుకుని పక్కన పెట్టుకుంది. పాడె చట్రం ఎప్పుడూ గట్టు చివర ఆరుబయటే ఉంటుంది. ఉప్పెన ముందటి ఇనుము. ఏళ్ల తరబడి ఉప్పుగాలిలో నిలబడి, పట్టుకుంటే చేతికి తుప్పు రాలుతుంది. దాన్ని ఇంటి దగ్గరికి తెచ్చి, భూషణాన్ని పడుకోబెట్టి యోబూ వాళ్లూ మోశారు. చివరికి చేరాక చట్రాన్ని నీళ్ల మీదికి వచ్చేలా గట్టు అంచున ఆనించారు. రోడ్డును మింగిన నీళ్లే.

ఇంటివాళ్లే వేయాలి ఎడమచుట్టు. ఇంటివాళ్లం ఇద్దరమే. యోబు నా చేతికి పానా ఇచ్చాడు. నాదే, బండిది. కొలత సరిపోయింది.

ముందు పెద్దదాని వంతు గనక మా అత్తకు ఇచ్చాను. పట్టుకుని బోల్టు మీద పెట్టింది గాని తిప్పలేకపోయింది. బోల్టు బిగిసి కాదు. ఇంకా తిప్పనేలేదు.

"నా వల్ల కాదమ్మాయ్," అంది. "నా వంతు కూడా నువ్వే తిప్పు."

ఆవిడ చేతిని పానా మీదే ఉంచి, దాని మీద నా చేయి వేశాను. సప్తమి నుంచీ ఇనుముతో పోరాడిన చెయ్యి. శానం, సుత్తి, బ్లోలాంపు, నూనె, దేనికీ లొంగని ఇనుము. నిజం చెప్పాలంటే ఇక్కడ కూడా మొరాయిస్తుందనే ఆశపడ్డాను. బిగుసుకుపోయి ఉంటే బాగుండుననుకున్నాను. నానబెట్టాలి, కాల్చాలి, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని అందరినీ వెనక్కి పంపేసి, ఆయన పక్కన ఇంకో పూట కూర్చోవచ్చని.

ఎడమకు తిప్పాం. నాలుగు బోల్టులూ ఒకదాని వెనక ఒకటి, అడగ్గానే వచ్చేశాయి.